జవాబు రాకముందే సమాధానం



మంచం మీద ఉన్న రోగిని డాక్టర్లు, నర్సులు చూసుకుంటారు. నాడి చూస్తారు, బీపీ రాసుకుంటారు, సెలైన్ మారుస్తారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషిని మాత్రం "నువ్వు తిన్నావా, కాసేపైనా పడుకున్నావా" అని అడిగేవారు తక్కువ. ఈ వ్యాసం ఆ స్టూలు మీద కూర్చున్న మీ కోసం.

ఇది డిసెంబరు నెల. భోగాపురం చుట్టుపక్కల పల్లెల్లో కోతలు, నూర్పుల రోజులు. క్రైస్తవుల ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతున్నాయి. రాత్రిళ్లు పాటలు పాడేవాళ్లు వీధి వీధీ తిరుగుతున్నారు. మీరేమో ఇంటిని, పిల్లల్ని, పొలం పనిని ఎవరికో అప్పజెప్పి ఆసుపత్రి వరండాలో ఉన్నారు. ఇంకా పెద్ద వైద్యం కోసం విజయనగరమో, విశాఖ కేజీహెచ్‌కో పరుగెత్తాల్సి వస్తుందేమోనన్న బెంగ కొందరిది. దీనికి తోడు చూడ్డానికి వచ్చిన చుట్టం "పండగ పూట కళ్లనీళ్లు పెట్టుకోకూడదమ్మా" అంటుంది. పెట్టుకోవచ్చు. మొదటి క్రిస్మస్ కథలో ఏడ్చినవారు కూడా ఉన్నారు. ఆ సంగతి ముందు ముందు చెబుతాం.

ఒకే మాట, రెండు అర్థాలు

వార్డులోకి డాక్టరు గారు అడుగుపెట్టగానే వినబడే ప్రశ్న ఒకటే. "మావోడికి ఏటవుతాది బాబూ? తగ్గిపోద్దా?" స్కానింగ్ రిపోర్టు రావాలి, రక్త పరీక్ష ఫలితం తెలియాలి, ఆపరేషన్ థియేటర్ లోంచి ఎవరో ఒకరు బయటికి వచ్చి ఏదో ఒకటి చెప్పాలి. మీకు కావలసింది సమాధానం, అంటే జవాబు.

తెలుగు బైబిలులో ఇదే 'సమాధానం' అనే మాట వేరే అర్థంలో కనబడుతుంది. మొదటిసారి చదివేవారు తికమకపడతారు కూడా. రాత్రివేళ గొర్రెల కాపరులకు దేవదూతలు కనబడి, భూమి మీద మనుషులకు సమాధానం కలగాలని స్తుతించినట్లు లూకా సువార్త రెండో అధ్యాయంలో ఉంది. అక్కడ సమాధానం అంటే శాంతి, మనసు నిలకడపడడం. హెబ్రీ భాషలోని 'షాలోమ్' అనే మాటకు మన అనువాదకులు చాలాచోట్ల దీన్నే వాడారు. కలహం లేకపోవడం ఒక్కటే దాని భావం కాదు, అన్నివిధాలా క్షేమంగా ఉండడం అనే అర్థం కూడా అందులో ఉంది. యెషయా గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో పుట్టబోయే శిశువుకు చెప్పిన పేర్లలోనూ ఈ మాట ఉంది.

"మనసుకి సమాధానం చెప్పుకున్నాను" అని మనం ఇళ్లల్లో అంటూనే ఉంటాం. ఆ వాడుకలో రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి. ఆసుపత్రికి వచ్చేసరికి అవి విడిపోతాయి. జవాబు ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు, ఒక్కోసారి డాక్టర్ల చేతుల్లో కూడా ఉండదు. జవాబు వచ్చాకే మనసుకు శాంతి అని పట్టుబడితే, రెండు రోజులైనా రెండు నెలలైనా మనిషి లోలోపల కాలిపోతూనే ఉంటాడు. జవాబు రాకముందే సమాధానం రాగలదని క్రిస్మస్ కథ చెబుతుంది.

వైద్యుడు రాసిన కథ

క్రీస్తు పుట్టుకను అందరికంటే వివరంగా రాసిన లూకా స్వయంగా వైద్యుడు. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో ఆ మాట ఉంది. తెలుగులో లూకా సువార్త అచ్చుకు సిద్ధమైంది మన పక్కనే, విశాఖపట్నంలో. జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు 1805లో అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి వారికి అనువాదంలో తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వారి పని 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. తమ చేతిరాత పుస్తకంగా మారడాన్ని ఆ ఇద్దరూ చూడలేదు.

ఇక కథలోకి వద్దాం. నిండు గర్భిణి అయిన మరియ, యోసేపు జనాభా లెక్కల కోసం నజరేతు నుంచి బేత్లెహేముకు వెళ్లారు. వంద కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. భోగాపురం నుంచి విశాఖకు నడిచి వెళ్లి మళ్లీ నడిచి వచ్చినా అంత దూరం కాదు. చేరాక సత్రంలో చోటు లేదు. కాన్పు నొప్పులు వచ్చిన మనిషిని పెట్టుకుని చోటు కోసం తిరిగిన యోసేపు ఎలా ఉండి ఉంటాడో, మంచం ఖాళీ లేదని చెప్పించుకున్న ప్రతి కుటుంబానికీ తెలుసు.

ఈ కథలో దేవదూత జెకర్యాకు, మరియకు, గొర్రెల కాపరులకు చెప్పిన మాట భయపడవద్దనే. మత్తయి సువార్తలో యోసేపుకు కలలో వచ్చిన మాట కూడా అదే. నలుగురికి చెప్పవలసి వచ్చిందంటే నలుగురూ భయపడ్డారనే కదా! అందుకు వారిని ఎవరూ తక్కువ చేయలేదు. ఇంకొక సంగతి చూడండి. భయపడవద్దని చెప్పిన దూత మరియకు మిగిలిన వివరాలన్నీ చెప్పలేదు. బిడ్డ పశువుల తొట్టిలో పడుకుంటాడనిగాని, హేరోదు వల్ల ఐగుప్తుకు పారిపోవలసి వస్తుందనిగాని ఆమెకు ముందు తెలియదు. దేవుడు తోడుగా ఉన్నాడన్న మాట ఒక్కటే ఆమె చేతిలో ఉంది. గొర్రెల కాపరులు కూడా శిశువును చూసి తిరిగి అదే మందల దగ్గరకు వెళ్లారు. చలి తగ్గలేదు, రోమా ప్రభుత్వం పోలేదు. అయినా దేవుణ్ణి స్తుతిస్తూ వెళ్లారని లూకా రాశాడు.

భయం అవిశ్వాసం కాదు

"నీకు విశ్వాసం ఉంటే ఇంత కంగారెందుకు?" అని కొందరు విశ్వాసులే మిమ్మల్ని అడిగి ఉంటారు. ఈ మాట మంచం పక్కన అనవలసినది కాదు. ఆందోళన అనేది దేహం చేసే పని. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే అడ్రినలిన్ అనే రసం రక్తంలోకి విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి, కడుపులో తిప్పుతుంది, మాటిమాటికీ మూత్రం వస్తుంది, నిద్ర పట్టదు. ఊపిరి పైపైన, వేగంగా తీసుకోవడం వల్ల వేళ్లు తిమ్మిరెక్కి తల తేలికైనట్టు ఉంటుంది. పామును చూసి పరుగెత్తడానికి ఇది ఉపయోగపడుతుంది. పది రోజులు వరండాలో కూర్చోవడానికి మాత్రం పనికిరాదు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు పడిన వేదనను, ఆయన చెమట రక్తబిందువుల్లా కారిందని రాసినవాడు కూడా వైద్యుడైన లూకాయే. ప్రభువుకే వచ్చిన వేదన మనకు వస్తే సిగ్గుపడనక్కరలేదు.

"ఏ పాపం చేసినామో, మాకీ గతి పట్టింది" అని కుమిలిపోయే తల్లులు అనేకమంది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చూడండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఇది ఇతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగితే, ప్రభువు రెండూ కాదన్నాడు. మీరు ఏ మతంవారైనా సరే, ఈ బరువును ఈ వరండాలోనే దించేయండి.

అయితే ఒక జాగ్రత్త. ఛాతీలో నొప్పి, ఎడమ చేతికి లాగడం, ఆయాసం ఉంటే అది కంగారే అని మీకు మీరే తేల్చుకోవద్దు. వెంటనే నర్సుకు చెప్పండి.

స్టూలు మీద చేయగల పనులు

నిటారుగా కూర్చుని నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊపిరి తీసుకోండి. ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలే సమయం పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. ఐదు నిమిషాలు చాలు. ప్రార్థించే అలవాటున్నవారు ఊపిరి తీసుకుంటూ "ప్రభువా", వదులుతూ "తోడుండు" అనుకోవచ్చు. పెద్ద ప్రార్థన నోటికి రాని రాత్రిళ్లలో ఈ రెండు మాటలూ చాలు. విన్నపాలను దేవునికి తెలియజేస్తే ఆయన సమాధానం హృదయానికి కాపలా ఉంటుందని పౌలు ఫిలిప్పీయులకు రాసినప్పుడు తాను సంకెళ్లలో ఉన్నాడు, తీర్పు ఇంకా రాలేదు.

డాక్టరు గారిని అడగవలసినవి ఒక కాగితం మీద రాసుకోండి. ఆయన రాగానే సగం మరిచిపోతాం, ఇది అందరికీ జరిగేదే. కుటుంబం తరఫున ఒక్కరే మాట్లాడి మిగతావారికి చెప్పండి. ఆరుగురు ఆరు రకాలుగా విని ఆరు రకాలుగా భయపడడం మేలు కాదు. రాత్రి కాపలా వంతులు వేసుకోండి. మీ సొంత బీపీ, షుగరు మాత్రలు ఇంట్లో మరిచిపోయి వస్తే ఈ రోజే తెప్పించుకోండి. అన్నం మాని టీ మీద గడిపితే గుండెదడ ఇంకా పెరుగుతుంది.

ఉపవాస ప్రార్థన గురించి కూడా చెప్పాలి. రోగి కోసం ఉపవాసం ఉండాలని చాలామందికి ఉంటుంది, మంచి మనసే. కాని షుగరు మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉండవద్దు. ప్రార్థన చేశాం కనుక రోగికి మందులు ఆపేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. లూకా వైద్యం మానేసి ప్రార్థించమని ఎక్కడా రాయలేదు.

నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, దేనిమీదా ఆశ లేకపోవడం రెండు వారాలు దాటితే అది కూడా వైద్యం చేయదగిన జబ్బే. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా చెప్పండి, దాచుకోవద్దు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

ఎదురుచూపు

ముక్కాం, చేపల కంచేరు వైపు నుంచి వచ్చినవారికి ఎదురుచూడడం ఒకరు నేర్పనక్కరలేదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ వారి చేతికి చిక్కారు. వారిలో 20 మందిని 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో మన దేశానికి అప్పగించారు. మధ్యలో రెండు డిసెంబర్లు గడిచాయి. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు పొయ్యి వెలిగించారు, పిల్లల్ని బడికి పంపారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. జవాబు లేని రోజులను అలా ఒక్కొక్కటిగా దాటారు.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలాన్ని సంఘాల్లో ఆగమన కాలం అంటారు. ఎదురుచూసే కాలం అన్నమాట. హిట్లరును ఎదిరించిన జర్మనీ పాదిరి డీట్రిచ్ బోన్‌హోఫర్ 1943 నవంబరులో బెర్లిన్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో జైలు గదిని ఈ ఆగమన కాలంతో పోల్చాడు. మనిషి ఎదురుచూస్తాడు, ఆశ పడతాడు, ఏవో చిన్న పనులు చేసుకుంటాడు, తలుపు మాత్రం బయటి నుంచే తెరుచుకోవాలి అని దాని భావం. ఐసీయూ ముందు కూర్చున్నవారికి ఇది వేరే వివరించనక్కరలేదు. మీ తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి, అంతే తేడా.

బోన్‌హోఫర్ విడుదల కాలేదు. 1945 ఏప్రిల్ 9న ఆయనను ఉరితీశారు. ఈ మాట దాచి మీకు ధైర్యం చెప్పడం న్యాయం కాదు. నమ్మిన ప్రతివారికీ కోరిన జవాబు వస్తుందని బైబిలు చెప్పలేదు. హేరోదు బేత్లెహేములో పసిపిల్లలను చంపించినప్పుడు ఓదార్పు పొందనొల్లక ఏడ్చిన తల్లులను మత్తయి తన రెండో అధ్యాయంలో అలాగే ఉంచాడు, క్రిస్మస్ కథ పాడవుతుందని తీసేయలేదు. మీలో కొందరు ఈ డిసెంబరులో రోగిని నడిపించుకుని ఇంటికి వెళ్తారు. కొందరికి అలా జరగకపోవచ్చు. అలాంటి వార్త వచ్చినప్పుడు గట్టిగా ఏడవండి, ఒంటరిగా మాత్రం ఉండకండి. చాప్లిన్ గారిని గానీ, మీ సంఘ కాపరిని గానీ, మీ ఇంటి పెద్దను గానీ పిలిపించుకోండి. ఓదార్చడానికి వచ్చినవారు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నా చాలు.

పండుగ రాత్రి వార్డులో

క్రిస్మస్ రాత్రి వార్డులో కొవ్వొత్తి వెలిగించవద్దు. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు ప్రమాదం. మంచం కమ్మీకి చిన్న కాగితం నక్షత్రం కట్టుకోవచ్చు, నర్సును ఒకమాట అడగండి. ఇంటి నుంచి వచ్చిన అరిసెలు, కేకు రోగికి పెట్టేముందు కూడా అడగాలి, ముఖ్యంగా షుగరు, కిడ్నీ జబ్బులున్నవారికి. పక్క మంచం వారు వేరే మతంవారైనా వారికీ ఒక ముక్క ఇవ్వండి, వారి రోగికి కాకుండా స్టూలు మీద ఉన్న మనిషికి. పాటలు పాడేవాళ్లు వార్డుకు వచ్చే వేళకు మీవారు నిద్రపోతుంటే, ఇప్పుడొద్దని చేత్తో సైగ చేయండి. వాళ్లేమీ అనుకోరు. వరండా చివర నిలబడి మెల్లగా పాడి వెళ్తారు.