వైద్యశాలలోని అలసట

హిందూపురము, పెనుగొండ, ధర్మవరము సర్కారు వైద్యశాలలకు బోయివచ్చువారు నర్సమ్మ విసుగును, డాక్టరుగారి పరాకును జెప్పుకొనుట పరిపాటి. ఆ విసుగునకు మూలమేమో విచారించువారు మాత్రము అరుదు. కష్టమైన కేసును అనంతపురమునకో బెంగుళూరునకో పంపవలసివచ్చినపుడు రోగి బంధువుల కోపమెల్ల ఎదుటనున్న నర్సుపైననే గదా!

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఈ యలసటకు మూడు లక్షణములు చెప్పినది: శక్తి యుడుగుట, వృత్తియందు విముఖత, పనిలో సామర్థ్యము సన్నగిల్లుట. ఇది రోగము కాదనియు, పనిచేయుచోట చక్కదిద్దక విడిచిన దీర్ఘకాలపు ఒత్తిడి ఫలమనియు నిర్ణయించినది. కావున లోపమును సిబ్బంది స్వభావమున గాక ఏర్పాటులలో వెదకవలెను.

మన సీమవారి కిది క్రొత్త సంగతి కాదు. కపిల తోలిన కాలమున బావి యూరుటకు వ్యవధి యీయక నీరు తోడిన రైతు లేడు. పట్టుపోగు నెంత బిగింపవచ్చునో ధర్మవరపు నేతగాని కెరుకయే. మనుష్యులయెడ ఆ యెరుక మనకేల లేకపోవలెను?

వైద్యశాలాధికారులు రాత్రిపని వంతులను ముందుగా నిర్ణయించి న్యాయముగ పంచవలెను. రేయంతయు మేల్కొన్నవారిని మరల పగటిపనికి నిలుపరాదు. సెలవడుగుట నేరముగా నెంచరాదు. నెలకొకమారు సిబ్బంది మొరలు విని, తీర్పగలవేవో, తీర్పలేనివేవో దాపరికములేక చెప్పవలెను. ఉన్నత వైద్యవిద్యార్థులకు వారమునకు 74 గంటలకు మించి పని యీయరాదనియు, ఒకదినము విశ్రాంతి యీయవలెననియు జాతీయ వైద్య కమిషను నియమించిన సంఘము 2024లో సిఫారసు చేసినది. ఆ 74 గంటలును తక్కువ కాదు! గ్రామములలో తల్లీబిడ్డలను కనిపెట్టు ఆశా కార్యకర్తల పథకము పుట్టినది 2005లో. వారికి 180 దినముల ప్రసూతి సెలవును మన ప్రభుత్వము ప్రకటించినది 2025లో. ఇంత జాగు తగునా?

ఖాళీలు నింపుట ప్రభుత్వపు విధి. పౌరుల విధియు నొకటి కలదు. వైద్యసిబ్బందిపై దౌర్జన్యమునకు మూడేండ్లవరకు ఖైదు విధించు చట్టము మన రాష్ట్రమున 2008 నుండి యున్నది. కాని వరుస తప్పించి తమవారిని ముందు చూడుమని పెద్దలు చేయు ఒత్తిడి, వేయు కేకలు చట్టమున కందవు. వానిని మనమే మానుకొనవలెను. ఆసుపత్రి అభివృద్ధి సంఘములలోని పెద్దలు శాలువలు కప్పుటతో తృప్తిపడక, అర్ధరాత్రి కాన్పుల వార్డునకు బోయి అచట నర్సు లెందరున్నారో, వారికి క్షణకాలము నడుము వాల్చుటకు గదియున్నదో లేదో చూతురుగాక.

సేవాధర్మము గొప్పది. ఆ పేరిట నిద్రాహారములు మానుమని యొరులను గోరు హక్కు మన కెవ్వరికిని లేదు.