సూక్ష్మదర్శిని చెంత శస్త్రవైద్యుని భంగిమ

మెదడుపై శస్త్రచికిత్స అనగానే మనకు స్ఫురించేది వైద్యుని హస్తనైపుణ్యం. ఆ హస్తం నిలకడగా ఉండుటకు ఆయన మెడ, భుజాలు, నడుము ఏ స్థితిలో ఉండాలన్న ప్రశ్న సామాన్యంగా మనకు తోచదు. కాని గంటల తరబడి సాగే చికిత్సలో అలసిన భుజం తన వణుకును వ్రేలికొసకు చేరవేస్తుంది. మిల్లీమీటరు వెడల్పు గల ధమనిని, తలవెంట్రుకకంటె సన్నని దారంతో కుట్టే వేళ ఆ వణుకునకు మూల్యం చెల్లించేది రోగియే.

శస్త్రశాలలోనికి సూక్ష్మదర్శినిని మొదట తెచ్చినవారు చెవి వైద్యులు. 1921లో స్టాక్‌హోమ్‌లో కార్ల్ నైలెన్ ఒంటికంటితో చూచే పరికరాన్ని వాడగా, మరుసటి ఏడు అక్కడే గున్నార్ హోల్మ్‌గ్రెన్ రెండు కన్నులతో చూడదగిన దానిని ప్రవేశపెట్టాడు. లోతు చక్కగా తెలియుటకు రెండు కన్నులూ కావాలి కదా! 1957లో లాస్ ఏంజిలస్‌లో థియొడర్ కర్జ్ దీనిని కపాల శస్త్రచికిత్సకు వినియోగించాడు.

ఈ పరికరంలో వెలుగు దాదాపు చూపు వెంబడే దిగుతుంది. కనుక ఇరుకైన లోతులలో సైతం వైద్యుని చేతినీడ అడ్డుపడదు. అయితే ప్రతిబింబాన్ని పెద్దది చేసిన కొలదీ కనబడే ప్రదేశమూ, స్పష్టంగా నిలిచే లోతూ తగ్గిపోతాయి. అందుచేత పరికరాన్ని మాటిమాటికి జరుపవలసి వస్తుంది. రెండు చేతులలోనూ పనిముట్లు ఉండగా జరిపేదెట్లు?

ఈ చిక్కును విడదీసినవాడు తుర్కీలో జన్మించి జ్యూరిక్‌లో పనిచేసిన గాజీ యాషార్గిల్. 1967లో తలచర్మపు ధమనిని మెదడు ధమనితో కలిపి కుట్టిన ఘనుడాయన. ఆయన ప్రోద్బలంతో రూపొందిన స్తంభంలో సూక్ష్మదర్శిని బరువునకు ఎదురుబరువు అమర్చారు. సూత్రం మన త్రాసుదే. కీళ్ళను విద్యుదయస్కాంతపు బ్రేకులు బిగించి ఉంచుతాయి. పెదవులతో మీట నొక్కగానే అవి వదులై, తల కదిలినట్లెల్లా పరికరమూ కదులుతుంది. చేతులు గాయాన్ని విడువనక్కరలేదు.

అయినా ఒక బంధం మిగిలింది. కన్ను నేత్రకటకాన్ని విడువరాదు. పరికరం ఎటు వాలితే మెడ అటు వంగవలసిందే. వంచదగిన చూపుగొట్టాలు కొంత ఉపశమనం కలిగించాయి. బల్ల ఎత్తు, కుర్చీ, మోచేతి ఆధారం, రోగి తలను త్రిప్పి ఉంచే తీరు — ఇవి చవుకైన ఉపాయాలే గాని, ఖరీదైన యంత్రంకంటె ముందు సరిచూడవలసినవి ఇవేనని నా అభిప్రాయం.

ఇటీవలి మార్గం నేత్రకటకాన్నే తొలగించడం. గాయంపైన కెమెరాను నిలిపి, ప్రత్యేకమైన కళ్ళద్దాలతో త్రిమితీయ చిత్రాన్ని తెరపై చూడడం ఇందలి విశేషం. 2017లో వెలువడిన 'ఆర్బ్ఐ' అనే పరికరానికి 55 అంగుళాల తెర ఉంది. వైద్యుడు నిటారుగా కూర్చుండి పనిచేయగలడు. నర్సులు, విద్యార్థులు సైతం ఆయన చూచేదే చూస్తారు. కాని చేయి ఒకచోట, చూపు వేరొకచోట ఉండుటకు అభ్యాసం కావాలి. ఎదురుగా నిలిచిన సహాయకునికి మరింత ఇబ్బంది: తెరపై చిత్రం ప్రధాన వైద్యుని దిశలో ఉండుటచే తన పనిముట్టు కుడికి జరిపితే ఎడమకు జరిగినట్లు కనబడుతుంది. అందుకై చిత్రాన్ని తలక్రిందులుగా త్రిప్పి చూపే రెండవ తెరను ఆయనకు ఎదురుగా అమర్చుతారు.