పదో తరగతి తర్వాత ఎటు? - ఒమన్‌లోని తెలుగు కుటుంబాలకు కొన్ని సూచనలు

మన తెలుగు బడిలో అ ఆలు దిద్దిన పిల్లలు చూస్తుండగానే పదో తరగతికి, ఆపైన పన్నెండో తరగతికి వచ్చేస్తున్నారు. శుక్రవారం తరగతులు అయ్యాక తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, పది అవగానే బాబును ఇంటర్‌కి విజయవాడో హైదరాబాదో పంపమంటారా, ఇక్కడే ఉంచమంటారా?" ఒక్కో ఇంటికి ఒక్కో సమాధానం ఉంటుంది. అయితే ఆ నిర్ణయం తీసుకునే ముందు కొన్ని నిబంధనలు తెలిసి ఉండాలి. అవి తెలియక చేజారిన అవకాశం మళ్ళీ రాదు.

ఇంటర్ అక్కడ చదివితే 'లోకల్' అవుతారా?

చాలామంది అలాగే అనుకుంటారు. కానీ తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో స్థానిక కోటాకు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తున్న ముఖ్యమైన కొలమానం నాలుగేళ్ళ చదువు. అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు వరుసగా అక్కడే చదవాలి. తెలంగాణ వైద్య కళాశాలల విషయంలో ఈ నాలుగేళ్ళ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. కాబట్టి ఒక్క ఇంటర్ కోసం పంపినంత మాత్రాన సాధారణంగా ఆ హోదా రాదు. అమ్మానాన్నల ఊరు గుంటూరైనా, కరీంనగరైనా లెక్క ఇదే.

ఇక్కడే చదివితే ఉన్న అవకాశం

ఎన్.ఐ.టి.ల వంటి సంస్థల్లో ప్రవాస విద్యార్థుల కోసం 'డాసా' అనే పథకం ఉంది. అందులోనే గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ప్రత్యేకంగా కొన్ని సీట్లు ఉన్నాయి. దీనినే సి.ఐ.డబ్ల్యు.జి. అంటారు. డాసా విద్యార్థికి ఎన్.ఐ.టి.లో ట్యూషన్ ఫీజు డాలర్లలో ఉంటుంది. సి.ఐ.డబ్ల్యు.జి. పిల్లలకు మాత్రం మన దేశంలోని విద్యార్థులతో సమానమైన ట్యూషన్ ఫీజే. మధ్యతరగతి కుటుంబానికి ఇది ఎంతో తేడా. కానీ ఇందుకు 11, 12 తరగతులు విదేశంలోనే చదివి ఉండాలి. పది కాగానే పంపేస్తే ఈ తలుపు మూసుకుంటుంది.

ఒకప్పుడు డాసాకు శాట్ పరీక్ష మార్కులు చూసేవారు. 2021 నుంచి జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు చూస్తున్నారు. పాత సీనియర్లను సలహా అడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఐ.ఐ.టి.లు డాసాలో లేవు. వాటికి జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ రాయాల్సిందే.

ఇంకో సంగతి. మామూలు కౌన్సెలింగ్‌లో ఎన్.ఐ.టి.లు సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి ఇస్తాయి. విదేశంలో పన్నెండు పాసైన భారతీయ విద్యార్థికి సొంత రాష్ట్రం ఏదన్నది పాస్‌పోర్టులోని శాశ్వత చిరునామాను బట్టి నిర్ణయిస్తారు. ఈరోజే ఇంటికి వెళ్ళి ఆ పేజీ ఒకసారి తీసి చూడండి.

డాక్టరు కావాలనుకునేవారికి

నీట్ తప్పనిసరి. 2022 నుంచి మస్కట్‌లోనే పరీక్షా కేంద్రం ఉంది కాబట్టి పరీక్ష కోసం ప్రయాణాలు అక్కర్లేదు. విదేశంలో ఎం.బి.బి.ఎస్. చదివి మన దేశంలో ప్రాక్టీసు చేయాలన్నా నీట్ అర్హత ఉండాలి. ఎన్.ఆర్.ఐ. కోటాకు రాయబార కార్యాలయం ఇచ్చే పత్రాలు అడుగుతారు. ఆ కార్యాలయం మన అల్ ఖువైర్‌లోనే ఉంది గదా అని చివరి వారం దాకా ఆగకండి. పత్రంలోని పేరుకూ పాస్‌పోర్టులోని పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్ళీ మొదటికి వస్తుంది. మన ఇంటిపేర్లతో ఈ చిక్కు మరీ ఎక్కువ.

ఇతర దేశాలకు వెళ్ళేవారికి

బ్రిటన్‌కు యూకాస్ ద్వారా ఒకే దరఖాస్తుతో అయిదు కోర్సులు ఎంచుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు, వైద్యవిద్యకు అక్టోబరు మధ్యలోనే గడువు ముగుస్తుంది. అమెరికాకు వ్యాసం రాయాలి, ఉపాధ్యాయుల సిఫార్సు లేఖలు కావాలి. లేఖ ఇచ్చే టీచరును వేసవి సెలవులకు ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

ఎవరి పని వారిది

తల్లిదండ్రులు చేయదగిన పనులు మూడు. తేదీల పట్టిక ఒకటి వంటింటి గోడకు అంటించండి. గత కొన్నేళ్ళుగా జె.ఇ.ఇ. మెయిన్ జనవరిలోను, ఏప్రిల్‌లోను, నీట్ మే నెలలోను జరుగుతున్నాయి. మధ్యలోనే బోర్డు పరీక్షలు. రెండు, పత్రాలన్నీ ఒకే ఫైలులో పెట్టండి. మూడు, ఖర్చు ఎంతవరకు భరించగలరో పిల్లలకు ముందే చెప్పండి. సీటు వచ్చాక "అంత డబ్బు లేదు నాన్నా" అనడం కన్నా, పదకొండులోనే లెక్క విప్పి చెప్పడం మేలు. పిల్లలు అర్థం చేసుకుంటారు.

ఏ కోర్సు అన్నది, వ్యాసంలో ఏం రాయాలన్నది పిల్లలకు వదలండి. పక్కింటి అబ్బాయి ర్యాంకు ప్రస్తావన అసలు వద్దు.

పిల్లలూ! దరఖాస్తు మీరే నింపండి, అమ్మానాన్నల చేత సరిచూపించుకోండి. భయమేస్తే దాచుకోకుండా చెప్పండి. ఒక సీటు రాకపోతే ఇంకో దారి ఉంటుంది. ఊరికి దూరంగా హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మమ్మకు ఫోన్ చేసి తెలుగులో నాలుగు మాటలు మాట్లాడటం మరచిపోకండి.

నిబంధనలు ఏటా మారుతుంటాయి. దరఖాస్తు చేసే సంవత్సరం అధికారిక ప్రకటనను స్వయంగా చదవండి. సందేహం ఉంటే శుక్రవారం మా దగ్గరకు రండి, కలిసి చదువుదాం. ఈ ఏడాది పరీక్షలు రాస్తున్న మన పిల్లలందరికీ మా ఆశీస్సులు.