వజ్రాలు పుట్టిన ఇసుకలోనే కూరుకుపోయిన ఊరు.. కోల్‌మన్‌స్కాప్‌కు అసలేమైంది?

తలుపు తీస్తే గదిలో నడుము ఎత్తు ఇసుక. గోడల మీద రంగులు ఇంకా కనిపిస్తాయి. మనుషులు మాత్రం ఒక్కరూ ఉండరు. సోషల్ మీడియాలో తరచూ కనిపించే ఈ దృశ్యాలు నమీబియాలోని కోల్‌మన్‌స్కాప్‌వి. అట్లాంటిక్ తీరంలోని లూడెరిట్జ్ పట్టణానికి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో, నమీబ్ ఎడారిలో ఉందీ ఊరు. ఒకప్పుడు ఇక్కడ డబ్బుకు కొదవే లేదు. మరి అంతా ఎందుకు వెళ్లిపోయారు?

పార పట్టిన కూలీకి దొరికిన రాయి

1908లో ఈ ప్రాంతం జర్మనీ వలస రాజ్యం. రైలు పట్టాల మీద పేరుకున్న ఇసుకను తీస్తున్న జకరియాస్ లెవాలా అనే కార్మికుడికి ఓ మెరిసే రాయి కనిపించింది. దాన్ని పై అధికారి ఆగస్ట్ స్టౌక్‌కు చూపించాడు. అది వజ్రమే! స్టౌక్ తవ్వకాల హక్కులు సంపాదించి కోటీశ్వరుడయ్యాడు. లెవాలాకు మాత్రం ఏమీ దక్కలేదు. అదే ఏడాది జర్మనీ ప్రభుత్వం ఇక్కడి విశాల ప్రాంతాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించి, బయటివాళ్లను రానివ్వకుండా కట్టడి చేసింది.

ఎడారిలో ఐస్ ఫ్యాక్టరీ

ఇక్కడ మొదట్లో లోతైన గనులు తవ్వాల్సిన పనే లేదు. కార్మికులు వరుసగా ఇసుక మీద పాకుతూ వజ్రాలను చేత్తోనే ఏరేవారు. ఆ డబ్బుతో ఆసుపత్రి, స్కూలు, విద్యుత్ కేంద్రం, డ్యాన్స్ హాలు, చివరికి ఐస్ ఫ్యాక్టరీ కూడా వచ్చాయి. తాగే నీళ్లు ఓడల్లో తెప్పించుకునేవారు. ఊరు మంచి ఊపు మీదున్నప్పుడు సుమారు 300 మంది జర్మన్ పెద్దలు, 40 మంది పిల్లలు ఉండేవారు. వజ్రాలు ఏరే ఒవాంబో కాంట్రాక్టు కార్మికులు దాదాపు 800 మంది. ఆ సౌకర్యాలున్న ఇళ్లు జర్మన్లవి. కార్మికులకు దక్కినవి బ్యారక్‌లే.

పతనం ఎలా మొదలైంది?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ప్రాంతం జర్మనీ చేజారి దక్షిణాఫ్రికా చేతికి వెళ్లింది. ఆ తర్వాత ఇక్కడ వజ్రాలు తగ్గుతూ వచ్చాయి. అంతలో 1920ల చివర్లో దక్షిణాన, ఆరెంజ్ నది దగ్గర ఇంతకంటే పెద్ద వజ్రాలు బయటపడ్డాయి. జనం ఇళ్లు వదిలి అటు దారి పట్టారు. సొంత నీళ్లు లేవు, పంటల్లేవు. వజ్రాలు తప్ప ఈ ఊరికి వేరే ఆధారమే లేదు. 1956 నాటికి పూర్తిగా ఖాళీ అయిపోయింది.

మనుషులున్నంత కాలం ఇసుకను ఎప్పటికప్పుడు ఎత్తిపోసేవారు. వాళ్లు వెళ్లాక గాలికి అడ్డు లేకుండా పోయింది. కిటికీలు, తలుపుల సందుల్లోంచి ఇసుక గదుల్లోకి చేరింది.

1980లో కొన్ని భవనాలకు మరమ్మతులు చేసి మ్యూజియం ఏర్పాటు చేశారు. ఇప్పుడు పర్మిట్ తీసుకుని పర్యాటకులు వెళ్లి చూడొచ్చు. లెవాలా ఆనాడు పారతో ఎత్తిపోసిన ఆ ఇసుకే, ఇవాళ వాళ్లు ఫొటోలు తీసుకునే గదుల్లో పేరుకుని ఉంది.