బండ మీద మంచు

వింటర్ ట్రెక్ అనగానే మన హాస్టల్లో అందరూ మనాలి, కేదార్‌కంఠ అంటారు. మాది హిందూపురం. మాకు వింటర్ ట్రెక్ అంటే పెనుకొండే. ఇటు నుంచి మేము, అటు ధర్మవరం నుంచి ఫ్రెండ్స్ రైలెక్కితే మధ్యలో కలిసే ఊరు అది. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక తిరుమల రాయలు విజయనగరం వదిలి వచ్చి రాజధాని పెట్టుకున్నది ఇక్కడే. కింద గగన్ మహల్, పైన కోట గోడలు, బురుజులు, నరసింహస్వామి గుడి. దారి పొడవునా పెద్ద పెద్ద గ్రానైట్ బండలు.

పోయిన జనవరిలో నలుగురం పోయాం. రాత్రి అక్కడే మా పెద్దమ్మ వాళ్లింట్లో పడుకున్నాం. సూర్యోదయం వీడియో కోసం ఐదింటికే ఎక్కుదామన్నది నేను. పెద్దమ్మ ఒకటే మాట చెప్పింది: "మంచు పడింటాది. బండ ఆరినంక పోండి నాయనా."

నేను నవ్వాను. "వానే లేదు కదా పెద్దమ్మా, ఆరేదేముంది? ఇదేమన్నా మనాలినా?" యాప్‌లో 15 డిగ్రీలు, వాన లేదు అని ఉంది.

సగం దూరం కూడా పోలేదు. ముందు నడుస్తున్నవాడు మొబైల్ టార్చ్ వెలుగులో ఒక నల్లటి చార మీద కాలు పెట్టాడు. జర్రున జారి కింద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. వారంలో ల్యాబ్ ఎగ్జామ్స్.

ఏం జరిగిందో తర్వాత చదివి తెలుసుకున్నా. పగలు తాగిన వేడిని బండ రాత్రంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బులుంటే దుప్పటి కప్పినట్టు కొంత వేడి ఆగుతుంది. జనవరికి ఈశాన్య రుతుపవనాల వానలు అయిపోయి ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి ఆ దుప్పటి ఉండదు. గాలిలోని ఆవిరి నీళ్లుగా మారే ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. బండ పైభాగం అంతకన్నా చల్లబడితే దాని మీద తడి చేరుతుంది. పెద్ద బండ గడ్డికన్నా నిదానంగా చల్లబడుతుంది. అందుకే రాత్రి పొడిగా కనిపించిన బండే తెల్లవారుజామున తడిసి ఉంటుంది. పొగమంచు కూడా తగిలితే ఇంకా ఎక్కువ. యాప్ చూపించిన 15 డిగ్రీలు గాలివి, బండవి కాదు.

ఇక ఆ నల్ల చారలు. వాన నీళ్లు కారే చోట కంటికి కనిపించని నాచు లాంటి జీవులు పెరిగి అలా నల్లబడతాయి. ఎండినప్పుడు గరుకుగానే ఉంటాయి, తడిస్తే సబ్బే.

కాబట్టి ఈ డిసెంబర్‌లో పోయేవాళ్లకి:

యాప్‌లో డ్యూ పాయింట్ కూడా చూడండి. దానికీ రాత్రి ఉష్ణోగ్రతకీ రెండు మూడు డిగ్రీలే తేడా ఉండి, ఆకాశం తేటగా, గాలి కదలకుండా ఉంటే బండ తడిగా ఉంటుందనే అనుకోండి.

ఎండ పడ్డాక, ఎనిమిదింటికి మొదలుపెట్టండి. తూర్పు వైపు ముందు ఆరుతుంది, పడమటి నీడలో ఆలస్యం. చెయ్యి పెట్టి చూసి అడుగెయ్యండి. నల్ల చారలు తొక్కొద్దు.

చలికాలమే కదా అని నీళ్లు తగ్గించొద్దు. మనిషికి రెండు లీటర్లు ఉండాలి. మధ్యాహ్నానికి బండ మళ్లీ వేడెక్కుతుంది, ఆలోపే దిగేయండి.

స్నో, ఫాగ్, డ్యూ మూడింటినీ మనవాళ్లు మంచు అనే అంటారు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఆ మాట వింటే మనాలి ఒకటే గుర్తొచ్చింది. పెద్దమ్మ చెప్పింది వెదర్ రిపోర్టే. నాకే అర్థం కాలేదు.

వాడి ల్యాబ్స్ సప్లీలో పోయాయి. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. మొన్న వాడే ఫోన్ చేసి, "రేయ్, ఈసారీ పెనుకొండ పోదాం. టైమ్ మాత్రం పెద్దమ్మనడుగు" అన్నాడు.