రేగడి నేలలో, రాతిబాటలో మోటారుబండి

బనగానపల్లె నుండి ఏ దిక్కునకు పోయినను తారురోడ్డు కొంతదూరము మాత్రమే మనకు తోడు వచ్చును. పిమ్మట పొలముల నడిమి డొంకయో, నాపరాతి గనులకు పోవు లారీల బాటయో, కొండపాదమున గల గుడికి పోవు గరుసుదారియో ఎదురగును. పూర్వము ఈ దారులలో ఎద్దులబండ్లు నడచెడివి. ఇప్పుడు పెక్కు కుటుంబములవారు ఎస్‌యూవీలనబడు ఎత్తయిన మోటారుబండ్లను కొనుచున్నారు. ఇట్టి బాటలలో నడుపుటకు ఆ బండికి ఇంకను ఏమేమి తగిలింపవలెనని అడుగువారును కలరు. కంపెనీవారిచ్చిన బండిని ఇంచుమించు అట్లే యుంచి, అంత కఠినము కాని మట్టిబాటలలో దానిని క్షేమముగ నడుపు విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. మా అభిప్రాయమున బండికి చేయు మార్పులకంటె నేల నెఱుగుటయే ముఖ్యము.

మన నంద్యాల జిల్లా 2022వ సంవత్సరమున ఏర్పడినది. దీనికి పడమట ఎఱ్ఱమల కొండలు, తూర్పున నల్లమల కొండలు కలవు. నడుమ కుందేరు పాఱుచు దక్షిణమునకు పోయి పెన్నలో కలియును. కావున మన దారులలో మూడు విధములగు పరీక్షలు కలవు: రేగడి, రాయి, వాగు.

నల్లరేగడి ఎండకాలమున నెఱ్ఱెలు విచ్చి గట్టిగ నుండును. అప్పుడు సామాన్యపు కారు సయితము దానిపై పోవచ్చును. ఆ మట్టిలోని సన్నని బంకకణములు నీటిని పీల్చి ఉబ్బును. ఒక్క వాన కురిసినచో అదే నేల జిగురగును. ఆ బురద టైరుగాళ్లలో నిండుకొనగా టైరు నున్ననై పట్టు కోల్పోవును. నాలుగు చక్రములకు బలమందు బండియైనను చక్రములు నేలను పట్టజాలనప్పుడు ఏమి చేయగలదు? వాన వెలసిన వెంటనే డొంకలో దిగక, నేల ఆఱువరకు వేచియుండుటయే దీనికి మందు. ఇందులో మఱియొక ధర్మము కూడ కలదు. తడినేలలో బండి చేసిన లోతైన గాడి ఆఱినపిమ్మట రాయివలె గట్టిపడి, ఆ దారిని పోవు రైతును ఎన్నియో దినములు బాధించును.

బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములు నాపరాతికి ప్రసిద్ధములు. ఎండిన నాపబండపై టైరునకు మంచి పట్టు చిక్కును. తడిసినచో అదే బండ జాఱును. గనుల చెంత పడియుండు పలకముక్కల అంచులు కత్తివలె నుండి టైరు ప్రక్కగోడను కోయగలవు. నేలను తాకు భాగమున పడిన చిన్న రంధ్రమును పూడ్చవచ్చును. ప్రక్కగోడ చీలినచో ఆ టైరు ఇక పనికిరాదు. కావున మంచి స్టెపినీ టైరు లేక రాతిబాట పట్టరాదు.

ఇక బండి సంగతి చూతము. మూడు కొలతలను తెలిసికొనవలెను. మొదటిది బండి అడుగుభాగమునకును నేలకును గల ఎడము. రెండవది ముందుభాగము తగులకుండ ఎంత నిటారు మిట్ట నెక్కగలదను కోణము. మూడవది వెనుకభాగము తగులకుండ ఎట్టి మిట్ట దిగగలదను కోణము. ఉదాహరణమునకు 2020లో వెలువడిన మహీంద్రా థార్ బండికి ఎడము 226 మిల్లీమీటర్లు. ముందు కోణము సుమారు 42 డిగ్రీలు, వెనుకటిది సుమారు 37 డిగ్రీలు. మన బండికి ఈ కొలతలు ఎంతయో దానితోడి పుస్తకమున చూచుకొనవలెను. ఎడముకంటె ఎత్తయిన రాయి అడ్డమైనచో దానిని రెండు చక్రముల నడుమకు రానీయరాదు. రాయి కదలనిదైనచో చక్రమును మెల్లగ దానిపైకే ఎక్కించుట మేలు, లేదా తప్పించుకొని పోవలెను.

రెండు చక్రములకు మాత్రమే బలమందు బండి పొడినేలకు చాలును. నాలుగు చక్రములకు బలమందు బండ్లలో కొన్నింటికి మందగతి గేరు కూడ నుండును. దాని వలన వేగము తగ్గి, చక్రమును త్రిప్పు బలము హెచ్చును. నిటారు పల్లము దిగునప్పుడు మందగతిలో మొదటి గేరు వేసి ఇంజను చేతనే బండిని నిలువరింపవలెను. బ్రేకును గట్టిగ నొక్కినచో చక్రములు కట్టుబడి బండి జాఱును. మిట్టలను నిటారుగ ఎక్కి నిటారుగనే దిగవలెను. అడ్డముగ పోయినచో బండి పొరలు ప్రమాదము కలదు. అవసరమునుబట్టి నాలుగు చక్రములకు బలము కలుపుకొను బండ్లను పొడి తారురోడ్డుపై ఆ విధముగ నడుపరాదు. మలుపున ముందు చక్రములు, వెనుక చక్రములు వేర్వేరు దూరములు తిరుగును గనుక యంత్రభాగములు బిగిసి దెబ్బతినును.

టైరులోని గాలిని కొంత తగ్గించుట ఖర్చులేని ఉపాయము. చదరపు అంగుళమునకు 32 పౌండ్లున్న గాలిని 25 పౌండ్ల వఱకు తగ్గించినచో టైరు కొంత పఱచుకొని పట్టు పెరుగును, కుదుపు తగ్గును. కాని వాడి పలకలున్నచోట మిక్కిలి తగ్గించినచో ప్రక్కగోడ ఉబికి రాతికి చిక్కును. తారురోడ్డు చేరగనే మరల గాలి నింపవలెను. ఇందులకు బండి బ్యాటరీతో నడచు చిన్న పంపు నొకదానిని వెంట నుంచుకొనవలెను.

అన్నిటికంటె భయంకరమైనది వాగు. ఆర్కిమిడీసు సూత్రమును చదివిన విద్యార్థులు ఈ లెక్కను స్వయముగ వేయగలరు. 4 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు గల బండి అడుగుభాగమునకు నీరు తాకినపిమ్మట, నీటిమట్టము మఱి 10 సెంటీమీటర్లు పెరిగినచో, లోనికి నీరు చొరనంతవఱకు సుమారు 700 కిలోగ్రాముల బరువు తేలిపోవును. అప్పుడు చక్రములకు నేలపై ఊతము తగ్గగా, ప్రవాహము ప్రక్కనుండి త్రోయును. అడుగు లోతు ప్రవాహము చిన్నకారును, రెండడుగుల ప్రవాహము పెద్దబండిని సయితము కొట్టుకొనిపోగలదు. ఇంత లోతువఱకు పోవచ్చునని కంపెనీవారు చెప్పు కొలత నిలుకడనీటికే గాని పాఱునీటికి కాదు. ఇంజను గాలి పీల్చుచోట నీరు చొచ్చినచో ఇంజను ముక్కలగును. నీటిలో ఆగిన బండిని మరల స్టార్టు చేయరాదు. కొండలపై వాన పడినపుడు ఇచట ఆకాశము తేటగ నున్నను వాగు పొంగును. అడుగు కనబడని ఎఱ్ఱనీటిలో బండిని దింపకుండుటయే నియమము.

నల్లమలలో అహోబిలమునకు పోవు యాత్రికులు పావన నరసింహస్వామి సన్నిధికి అడవిదారిలో స్థానికుల జీపులలో పోవు వాడుక కలదు. ఆ డ్రైవర్లకు ఆ దారిలోని ప్రతి రాయియు తెలియును గనుక, స్వంత బండి యున్నవారును వారితో పోవుటయే మేలు. అడవిలో అటవీశాఖవారి అనుమతి లేక బండి నడుపరాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము అభయారణ్యమున ప్రవేశించుటకు అనుమతి కావలెను. అచట ఉన్న బాట విడిచి క్రొత్తబాట చేయుట, హారను మ్రోగించుట, ప్లాస్టికు పాఱవేయుట తగని పనులు.

ఒంటరిగ పోవక రెండు బండ్లుగ పోవలెను. పోవు దారిని, తిరిగివచ్చు వేళను ఇంటివారికి చెప్పవలెను. కొండలలో సెల్‌ఫోను పని చేయకపోవచ్చును. పార, గట్టి లాగుడుపట్టా, త్రాగునీరు, జాకీ క్రింద వేయుటకు వెడల్పయిన చెక్క, మందులపెట్టె ఉండవలెను. బండి దిగబడినచో చక్రములను ఊరక త్రిప్పక, మట్టి త్రవ్వి రాళ్లు పఱచవలెను. పట్టాతో లాగునపుడు దానిని కంపెనీవారు అమర్చిన కొక్కెములకే తగిలించి, అందఱును దూరముగ నిలువవలెను. తెగిన పట్టా కొరడావలె కొట్టి ప్రాణము తీయగలదు.

చదువరులారా! తెలియనిచోట బండివాడు బండిపై నుండి దిగి, ఎద్దుల ముందు నడచి, కఱ్ఱతో బురదలోతు చూచి, పిమ్మటనే బండి తోలెడివాడు. మోటారుబండికిని ఆ పద్ధతియే తగును. పదునెనిమిదేండ్లు నిండని విద్యార్థులు బండి నడుపరాదు గాని, పెద్దలతో పోవునపుడు సందేహమున్నచోట ఆగి చూడుడని చెప్పుటకు వయస్సు అడ్డము కాదు. తల్లిదండ్రులును ఆ మాటను పిఱికితనముగ భావింపక బండి నాపి, దిగి, నడచి చూడవలెను. దారి బాగులేదని తోచినచో వెనుకకు మరలవలెను. దారి రేపును అచటనే యుండును. అందఱును క్షేమముగ ఇల్లు చేరుటయే ఆ దినపు ప్రయాణమునకు ఫలము.