ఉదయగిరి, ఆత్మకూరు పెరట్లో వేసవి దాటే మూడు మడులు



వీడియోల కోసం ఉదయగిరి, ఆత్మకూరు వైపు ప్రకృతి సేద్యం చేసేవాళ్ల ఇళ్లకు వెళ్తుంటాను. పొలంలో చుక్క మందు కొట్టరు. భోజనానికి కూర్చుంటే మాత్రం పళ్లెంలో వంకాయ అంగడిలో కొన్నదే. అది ఎక్కడ పండిందో, దానికి ఎన్నిసార్లు మందు కొట్టారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "పెరడుంది కదమ్మా, నాలుగు మొక్కలు వేసుకోలేదా?" అని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "వేశాం సార్, ఎండాకాలంలో పోయినాయి."

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను విత్తనాల దగ్గర నుంచి చెప్పను. నీళ్ల దగ్గర నుంచి చెబుతాను.

ముందు నీళ్ల లెక్క

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు. ఎండాకాలంలో కూరగాయలకు రోజుకు 5 మిల్లీమీటర్లయినా కావాలి. 3 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న మడికి అది సుమారు 17 లీటర్లు, అంటే ఒక పెద్ద బిందెడు. మూడు మడులకు మూడు బిందెలు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక వారం బకెట్‌లో పట్టి కొలవండి. దానికి బోరు నీళ్లు ఎన్ని బిందెలు కలపగలరో చూసుకుని మడుల సంఖ్య తేల్చుకోండి. సబ్బు నీళ్లు ఆకుకూరలకు వద్దు, అరటి మొదట్లోకి మళ్లించండి.

మడి వెడల్పు 3 అడుగులు దాటకూడదు. రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి, లోపల కాలు పెట్టకూడదు. తొక్కిన మట్టి గట్టిపడితే వేరు దిగదు.

మన వాన వేరు

జూన్‌లో విత్తమని చెప్పే పుస్తకాలు మన జిల్లాను చూసి రాసినవి కావు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. కాబట్టి పుబ్బ కార్తెలో, అంటే సెప్టెంబరు మొదట్లో వంగ, మిరప, టమోటా నారు పోసుకోండి. 25, 30 రోజుల నారును హస్త, చిత్త కార్తెల్లో నాటితే స్వాతి వానలకు వేరు పట్టుకుని ఉంటుంది.

పందిరి చిక్కుడు మాత్రం అంతకు ముందే, జులై, ఆగస్టుల్లో పెట్టాలి. పగలు తగ్గితేనే అది పూత పడుతుంది. సంక్రాంతి తర్వాత పెడితే తీగ సాగుతుందే కానీ కాయ ఉండదు.

ఒకే మడి, రెండు రూపాలు

పెన్నకు, సోమశిల కాలవలకు దగ్గరగా ఉన్న ఆత్మకూరు వైపు వానాకాలంలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. వెలిగొండల కింద ఉదయగిరి వైపు ఎండాకాలంలో చెమ్మ నిలవదు. రెండు చోట్లా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. వానలకు ముందు మడిని అర అడుగు ఎత్తు చేయండి. ఫిబ్రవరి చివర అదే మట్టిని అంచులకు లాగి మడిని పల్లం చేయండి. వానలో నీళ్లు జారిపోతాయి, ఎండలో పోసిన నీళ్లు మడిలోనే ఉంటాయి.

పైన కప్పు తప్పనిసరి. ఆత్మకూరు వైపు వరిగడ్డి, ఉదయగిరి వైపు వేరుశనగ తొక్కలు, ఎండిన ఆకులు, ఏది దొరికితే అది నాలుగు వేళ్ల మందాన పరచండి. 365 రోజులూ నేలకు కప్పు ఉండాలని పొలం గురించి వింటూనే ఉన్నాం కదా, పెరటికీ అదే మాట. ఇక మేకలు, కోళ్లు రాకుండా కంప కట్టనిదే విత్తనం వేయొద్దు.

మొదట ఏం వేయాలి

తోటకూర, గోంగూరతో మొదలుపెట్టండి. తోటకూర 25, 30 రోజుల్లో కోతకు వస్తుంది. నెల తిరిగేలోపు సొంత కూర తింటే ఇంట్లో అందరికీ ఉత్సాహం వస్తుంది. రెండో మడిలో వంగ, మిరప, టమోటా, మూడో మడిలో బెండ, గోరుచిక్కుడు. కంప పక్కన బీర, సొర పాకించండి. పడమటి వైపు ఒక మునగ పెట్టండి. అది ఎదిగాక సాయంత్రపు ఎండను ఆపుతుంది.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. బీన్స్ లాంటివి ఉప్పుకు తట్టుకోలేవు, బీట్‌రూట్ తట్టుకుంటుంది. మిద్దె మీద వాననీళ్లు పట్టుకుని మడికి ఒకసారి నిండుగా పెడితే ఉప్పు కిందికి దిగుతుంది.

జీవామృతం, ఇంటి కొలత

200 లీటర్ల డ్రమ్ము ఎకరానికి. పెరటికి 10 లీటర్లు చాలు. అర కిలో ఆవుపేడ, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, చిటికెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, ఉదయం సాయంత్రం కలపండి. వారంలోపు వాడేయాలి. లీటరుకు 10 లీటర్ల నీళ్లు కలిపి, తడి ఉన్న మట్టికే పోయండి. గొర్రెల ఎరువు మనవైపు బాగా దొరుకుతుంది, కానీ పచ్చిది వేయకండి, మాగనిచ్చి వేయండి.

ఏప్రిల్ నుంచి ఒక్క మడే

తోటలు పోయేది ఇక్కడే. నీళ్లు తగ్గుతున్నా మూడు మడులకూ తలా కాస్త పోస్తారు, మూడూ ఎండిపోతాయి. ఏప్రిల్ రాగానే రెండు మడులకు నీళ్లు ఆపేసి మందంగా కప్పేయండి. నీళ్లన్నీ మునగ నీడ పడే ఒక్క మడికే పెట్టండి. అందులో గోంగూర, తోటకూర, గోరుచిక్కుడు ఉంటే చాలు. టమోటాతో పోరాడొద్దు, ఆ వేడికి పూత రాలిపోతుంది. కప్పిన మడుల్లో తొలకరి ముందు నవధాన్యాలు చల్లితే పుబ్బ నాటికి మట్టి సిద్ధంగా ఉంటుంది.

రోహిణి కార్తెలో ఆ ఒక్క మడి పచ్చగా నిలిస్తే, ఆ ఇల్లు ఇక పెరడు మానదు. మడి ఎత్తు, పల్లం చేసే విధానం, కప్పు మందం వీడియోలో దగ్గరగా చూపించాను. అది చూసి, ముందు మీ నీళ్లు కొలవండి. విత్తనాలు ఆ తర్వాత కొందాం.